డేటా వివరణలను ఎక్కడ రాసి ఉంచాలి: ఎక్సెల్, వికీ, డేటాబేస్, గిట్, కేటలాగ్‌ల పోలిక

తెలంగాణకు సంబంధించిన పాత ఫైలు ఒకదానిలో జిల్లా కాలమ్ కింద ‘వరంగల్’ అని ఉంటే, అది ఏ వరంగల్ అన్నది ఆ పేరు చూసి చెప్పడం సాధ్యం కాదు. 2016 అక్టోబరు 11కు ముందు నమోదైన వివరమైతే అది ఉమ్మడి వరంగల్ జిల్లా. ఆ రోజున రాష్ట్రంలో జిల్లాల సంఖ్య 10 నుంచి 31కి పెరిగింది. ఉమ్మడి జిల్లా విడిపోయి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. 2021 ఆగస్టులో అర్బన్ జిల్లా పేరు హనుమకొండ అయింది, రూరల్ జిల్లా పేరు వరంగల్ అయింది, దాంతోపాటే కొన్ని మండలాలు అటూ ఇటూ మారాయి. ఈ మూడు కాలాల వివరాలను ఒకే టేబుల్‌లో చేర్చి జిల్లాలవారీగా కూడితే కంప్యూటర్ ఏ తప్పూ చూపదు, కాబట్టి పొరపాటు జరిగిందన్న అనుమానం కూడా ఎవరికీ రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాక కృష్ణా, తూర్పుగోదావరి, చిత్తూరు పేర్లకూ ఇదే ఇబ్బంది వచ్చింది. పేర్లు పాతవే ఉన్నాయి, హద్దులు మారిపోయాయి.

ఆ కాలమ్ పక్కన ‘2021 ఆగస్టు తర్వాతి హద్దుల ప్రకారం సవరించిన పేరు’ అని ఒక్క వాక్యం రాసి ఉంటే చాలు, చిక్కు తీరిపోతుంది. ఇలాంటి వాక్యాలు రాసి ఉంచడం అవసరమని తెలియని సంస్థ ఈ రోజు దాదాపుగా లేదు. ఆసుపత్రుల్లో, సహకార బ్యాంకుల్లో, ప్రభుత్వ శాఖల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో అందరూ రాయాలనే అంటారు, చాలామంది మొదలుపెడతారు కూడా. రెండేళ్లు గడిచేసరికి సగం టేబుళ్లకు వివరణ ఉండదు, ఉన్నవాటిలో ఏది ఇంకా నిజమో ఎవరూ చెప్పలేరు, ఒకే మాటకు రెండు విభాగాలు రెండు అర్థాలు రాసుకుని ఉంటాయి. ఇందుకు బద్ధకాన్ని నిందించడం తేలిక. నేను చూసినంతలో అసలు కారణం, వివరణలు రాసే చోటును సంస్థ తన అవసరానికి తగ్గట్టు ఎంచుకోకపోవడమే. అందుకే ఈ వ్యాసంలో ప్రధానంగా ఐదు మార్గాలను పోల్చి, ఎవరికి ఏది నప్పుతుందో చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

ముందు కొలబద్ద

ధర, సదుపాయాల పట్టిక, తెర అందం వంటివాటితో పోలిక మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. మొదట అడగవలసినది ఒక్కటే: డేటాను మార్చే వ్యక్తికి, మార్చే ఆ సమయంలో, దాని వివరణ కంటికి ఎదురవుతుందా? ఒక ఉద్యోగి టేబుల్‌లో కాలమ్‌ను తీసేసినప్పుడు, కోడ్‌కు కొత్త విలువ చేర్చినప్పుడు, కొలమానాన్ని ఎకరాల నుంచి హెక్టార్లకు మార్చినప్పుడు, వివరణ అతడు పనిచేస్తున్న చోటే ఉంటే అప్పుడే సరిచేస్తాడు. వేరే చోట ఉంటే తర్వాత చేద్దామనుకుంటాడు, ఆ తర్వాత అనేది రాదు. వివరణల నాణ్యత పడిపోవడం ఎప్పుడూ ఈ సందులోంచే మొదలవుతుంది.

దీని తర్వాత చూడవలసినవి మరో మూడు. డేటా అర్థం నిజంగా తెలిసినవారు, అంటే వార్డు సూపర్‌వైజరు, గణాంక అధికారి, లోన్ల విభాగం మేనేజరు, ఆ చోటికి వెళ్లి రాయగలరా? రాసినదానికి రూపం ఒకేలా ఉందో లేదో యంత్రం తనిఖీ చేయగలదా? పాత వివరణ ఏమిటి, ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు అన్నది వెనక్కి వెళ్లి చూడగలమా? ఈ నాలుగింటినీ పూర్తిగా తీర్చే మార్గం ఏదీ లేదు. ఏ సంస్థకు వీటిలో దేని లోటు ఎక్కువ నష్టం చేస్తుందో అదే అక్కడి ఎంపికను నిర్ణయించాలి.

ఎక్సెల్‌లో డేటా డిక్షనరీ

చాలా సంస్థల ప్రయాణం ఇక్కడే మొదలవుతుంది, అది సహజం. కాలమ్ పేరు, రకం, అర్థం, అనుమతించిన విలువలు, ఉదాహరణ అని ఐదారు నిలువు గడులు గీసి నింపుకుంటూ పోవచ్చు. ఎవరికీ శిక్షణ అక్కర్లేదు. అర్థం తెలిసినవారు స్వయంగా రాయగలరన్న ఒక్క గుణంలో దీన్ని మించినది లేదు, ఖరీదైన కేటలాగులు సైతం ఈ విషయంలో ఎక్సెల్ ముందు తేలిపోతాయి.

లోపాలు రెండు. మొదటిది అందరికీ తెలిసినదే: ఫైలు మెయిల్‌లో వెళ్తుంది, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కాపీ మిగులుతుంది, ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’ అని పేర్లు పెరుగుతాయి. రెండోది అంతగా పట్టించుకోనిది. ఎక్సెల్ మనం రాసినదాన్ని తనకు తోచినట్టు మార్చేస్తుంది. జనాభా లెక్కల్లో ఉత్తరప్రదేశ్ కోడ్ 09 అని రాస్తే సున్నా పోయి 9 మిగులుతుంది. వయసు వర్గాన్ని 5-9 అని టైపు చేస్తే తేదీ అయిపోతుంది. ఈ బెడద ఎంత దూరం వెళ్లిందంటే, మానవ జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీ 2020లో ప్రకటించిన మార్గదర్శకాలలో, ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తున్న ‘మార్చ్1’, ‘సెప్ట్1’ వంటి జన్యు సంకేతాలనే మార్చేసింది. అనుమతించిన విలువల జాబితా రాసుకునే డిక్షనరీలోనే ఆ విలువలు మారిపోతే, సరిచూసుకునేందుకు ఇంకేమీ మిగలదు. ఆ గడులను ముందుగానే ‘టెక్స్ట్’ రూపానికి మార్చిపెట్టుకోవడం తప్పనిసరి.

టేబుళ్లు కొన్ని పదుల లోపు ఉండి, ఏడాదికి నాలుగైదు సార్లకు మించి నిర్మాణం మారని సంస్థకు ఎక్సెల్ చాలు. అయితే ఫైలు ఒకే చోట ఉండాలి, గూగుల్ షీట్ గానీ షేర్‌పాయింట్‌లోని ఫైలు గానీ అయితే మేలు. రకం, విభాగం వంటి గడులకు డ్రాప్‌డౌన్ పెట్టాలి. మార్పుల నమోదుకు విడిగా ఒక షీట్ ఉండాలి. అన్నిటికీ మించి ఆ ఫైలుకు బాధ్యుడు ఒక్కరే ఉండాలి, ఆయన పేరు మొదటి వరుసలోనే కనబడాలి.

వికీ

వికీ అంటే బృందమంతా కలిసి రాసే, దిద్దే వెబ్ పేజీలు. కాన్‌ఫ్లుయెన్స్, మీడియావికీ, షేర్‌పాయింట్ పేజీల వంటివి కథనానికి పనికొస్తాయి. ఒక సర్వే ఎందుకు మొదలైంది, 2019లో ప్రశ్నావళి ఎందుకు మార్చారు, ఏ జిల్లాల నుంచి రెండు నెలలు డేటా రాలేదు వంటి సంగతులు పట్టికలో ఇమడవు, పేరాలుగా రాస్తేనే అర్థమవుతాయి. మార్పుల చరిత్ర కూడా వికీ తానే భద్రపరుస్తుంది.

కాలమ్‌ల వివరణలకు మాత్రం వికీని ఎంచుకోవద్దని చెబుతాను. ప్రతి పేజీ రాసినవారి ఇష్టప్రకారం ఉంటుంది, డేటాబేస్‌లో ఏం మారిందో పేజీకి తెలియదు, నాలుగేళ్ల కిందటి పేజీ నిన్నటి పేజీలాగే నిండుగా, నమ్మదగినట్టు కనిపిస్తుంది. వివరణే లేకపోతే చదివేవారు ఎవరినైనా అడుగుతారు. పాతబడిన వివరణ ఉంటే నమ్మి ముందుకు వెళ్లిపోతారు. ఈ రెండింటిలో రెండోదే ఎక్కువ హాని చేస్తుంది.

డేటాబేస్‌లోనే కామెంట్లు

అనేక సంస్థలు మరిచిపోయే మార్గం ఇది. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ డేటాబేస్‌లలో ప్రతి టేబుల్‌కూ ప్రతి కాలమ్‌కూ వివరణ జతచేసే ఆదేశం ఎప్పటినుంచో ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో కాలమ్ నిర్వచనంలోనే రాయవచ్చు, కాలమ్‌కు 1024 అక్షరాల వరకు, టేబుల్‌కు 2048 వరకు చోటు ఉంటుంది. అదనపు ఖర్చు లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ లేదు, వివరణ డేటాకు అంటిపెట్టుకుని ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో బ్యాకప్ తీసినప్పుడు కామెంట్లు కూడా దానితో వెళ్తాయి. టేబుల్‌ను తెరిచి చూసే చాలా సాధనాల్లో ఇవి కాలమ్ పేరు పక్కనే కనిపిస్తాయి.

ఇంత దగ్గరగా ఉన్నా కొన్ని కిటుకులు తెలియకపోతే కష్టం. మైఎస్‌క్యూఎల్‌లో కాలమ్ రకాన్ని మార్చే ఆదేశం రాసేటప్పుడు పాత కామెంటును మళ్లీ రాయకపోతే అది చెరిగిపోతుంది, హెచ్చరిక కూడా రాదు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక క్వెరీ ఫలితంతో కొత్త టేబుల్ తయారుచేస్తే అసలు టేబుల్‌లోని కామెంట్లు కొత్తదానికి రావు. పైగా ఇక్కడ చరిత్ర ఉండదు. కొత్త కామెంటు రాయగానే పాతది పోతుంది. డేటాబేస్ అనుమతులు లేని వార్డు సూపర్‌వైజరు ఇక్కడికి వచ్చి రాయలేరు. అందుచేత ఇది చిన్న సాంకేతిక బృందాలకు మంచి మొదటి అడుగు, పెద్ద సంస్థల్లో మాత్రం మరోచోట రాసిన వివరణ చివరికి వచ్చి చేరవలసిన చోటు.

గిట్‌లో, కోడ్ పక్కన

గిట్ అంటే కోడ్‌లో జరిగే ప్రతి మార్పునూ ఎవరు, ఎప్పుడు చేశారో సహా భద్రపరిచే సాధనం. డేటాను రోజూ శుద్ధిచేసి రిపోర్టులకు సిద్ధం చేసే ఇంజనీర్లు ఉన్న సంస్థలకు నా మొదటి సిఫారసు ఇదే. ఇలా శుద్ధిచేసే కోడ్‌ను నడిపే డీబీటీ (dbt) వంటి సాధనంలో ప్రతి టేబుల్‌కూ సంబంధించిన కోడ్‌తో పాటే యామ్‌ల్ అనే సాదా టెక్స్ట్ రూపంలో ఒక ఫైలు ఉంటుంది. అందులో టేబుల్ వివరణ, కాలమ్‌ల వివరణలు, వాటికి వర్తించే పరీక్షలు కలిపి రాస్తారు. ఒకే పదం ఇరవై టేబుళ్లలో వస్తే దాని నిర్వచనాన్ని ఒక్కచోట రాసి, మిగతా చోట్ల దానికి సూచన ఇవ్వవచ్చు. ఒక సెట్టింగ్ పెడితే ఈ వివరణలే డేటాబేస్ కామెంట్లుగా కూడా చేరిపోతాయి, కాబట్టి రెండుసార్లు రాసే పని ఉండదు.

ఈ మార్గం అసలు బలం రెండు చోట్ల ఉంది. కోడ్ మార్చిన ఇంజనీరు ఆ మార్పును చేర్చమని కోరే పుల్ రిక్వెస్ట్ పంపినప్పుడు వివరణ ఖాళీగా ఉంటే దాన్ని ఆపేసే తనిఖీని పెట్టవచ్చు. సమీక్షించేవారికి కోడ్ మార్పు, వివరణ మార్పు ఒకే తెరపై పక్కపక్కన కనిపిస్తాయి, రెండింటికీ పొంతన లేకపోతే అక్కడే అడుగుతారు. రెండో బలం పరీక్షలది. ‘ఈ కాలమ్‌లో ఓపీ, ఐపీ, డేకేర్ అన్న మూడు విలువలే వస్తాయి’ అన్నది వివరణగా రాస్తే ఎవరైనా నమ్మాలి. అదే మాటను అనుమతించిన విలువల పరీక్షగా రాస్తే నాలుగో విలువ వచ్చిన రోజునే యంత్రం చెబుతుంది. వివరణలో ఎంత భాగాన్ని పరీక్షగా మార్చగలిగితే, పాతబడిపోయే భాగం అంత తగ్గుతుంది. మిగిలిన నాలుగు మార్గాల్లో దేనికీ ఈ సౌలభ్యం ఇంత సహజంగా లేదు.

లోటు కూడా స్పష్టమే. అర్థం తెలిసిన మనుషులు గిట్ తెరవరు, తెరవాలని ఆశించడం న్యాయం కాదు. వారి నుంచి అర్థం రాబట్టి రాయడానికి మధ్యలో ఒకరు ఉండాలి. డీబీటీ పరిధి కూడా శుద్ధిచేసిన టేబుళ్ల దగ్గర ఎక్కువ, డేటా పుట్టే అప్లికేషన్ల దగ్గర తక్కువ. కౌంటర్‌లో కూర్చున్న గుమాస్తా ఏ గడిలో ఏం నింపుతున్నాడన్నది ఈ ఫైళ్లలో ఎక్కడా ఉండదు. చాలా తప్పులకు మూలం అక్కడే ఉంటుంది.

డేటా కేటలాగ్

ఒక సంస్థలో పది డేటాబేస్‌లు, మూడు క్లౌడ్ ఖాతాలు, వందలాది డ్యాష్‌బోర్డులు పెరిగాక ‘ఫలానా డేటా మన దగ్గర ఉందా, ఉంటే ఎక్కడ’ అన్న ప్రశ్నే మొదటి సమస్య అవుతుంది. కేటలాగులు పుట్టింది దానికే. అన్ని చోట్ల నుంచి టేబుళ్ల పేర్లు, కాలమ్‌లు, రకాలు, ఎవరు ఎంత తరచుగా వాడుతున్నారు, ఏ రిపోర్టు ఏ టేబుల్ నుంచి వస్తోంది అన్నవి ఇవి తామే సేకరించి, ఒకే చోట వెతికే వీలు కల్పిస్తాయి. ఒక కాలమ్‌ను మారిస్తే ఏయే రిపోర్టులు దెబ్బతింటాయో ముందే చూపగలగడం వీటి గొప్ప ఉపయోగం.

ఓపెన్ సోర్స్‌లో లింక్‌డిన్ నుంచి వచ్చిన డేటాహబ్, లిఫ్ట్ కంపెనీ నుంచి వచ్చిన అముండ్‌సెన్, ఓపెన్‌మెటాడేటా, భారీ డేటాను నిల్వచేసే హడూప్ ప్రపంచం నుంచి వచ్చిన అపాచీ అట్లాస్ ప్రసిద్ధమైనవి. డబ్బు పెట్టి కొనేవాటిలో కొలిబ్రా, అలేషన్ పాతవి. మైక్రోసాఫ్ట్ పర్‌వ్యూ, డేటాబ్రిక్స్ యూనిటీ కేటలాగ్ వంటివి ఇప్పటికే ఆ కంపెనీల క్లౌడ్ సేవలు వాడుతున్నవారికి దగ్గరి దారి. ఓపెన్ సోర్స్ అంటే ఉచితమని లెక్క వేసుకోవద్దు. డేటాహబ్‌ను సొంతంగా నడపాలంటే దాని వెనక సందేశాలను చేరవేసే కాఫ్కా, ఒక డేటాబేస్, ఒక సెర్చ్ ఇంజన్ నడవాలి, వాటిని చూసుకునే ఇంజనీరు సమయంలో కొంత భాగం ఎప్పటికీ దానికే పోతుంది. ఆ మనిషి లేని సంస్థ కొనుక్కోవడమే చవక. మనిషి ఉన్న సంస్థకు ఓపెన్ సోర్స్‌తో వచ్చే స్వేచ్ఛ విలువైనది.

కేటలాగుల గురించి అమ్మకందార్లు గట్టిగా చెప్పని సంగతి ఒకటి ఉంది. పేర్లు, రకాలు, సంబంధాలు యంత్రం తెస్తుంది, అర్థం తేదు. ఏర్పాటు చేసిన మొదటి నెలలో వేలాది టేబుళ్లు తెరపై కనిపిస్తాయి, వాటిలో అధిక భాగానికి వివరణ గడి ఖాళీగా ఉంటుంది. అంతకుముందు వివరణలు లేని సంస్థ కేటలాగ్ కొన్నందువల్ల వివరణలు ఉన్న సంస్థ కాదు. తన దగ్గర ఎన్ని ఖాళీలు ఉన్నాయో తెలిసిన సంస్థ అవుతుంది. అదీ ఉపయోగమే, కానీ ఆ ఉపయోగానికి అంత ఖర్చు సబబా అన్నది ముందే ఆలోచించుకోవాలి. అందుకే కనీసం ఒక విభాగంలోనైనా వివరణలు రాసి, ఏడాది పాటు నిలబెట్టుకోగలిగాకే కేటలాగ్ వైపు వెళ్లమని సలహా ఇస్తాను.

కృత్రిమ మేధతో వివరణలు తామే రాస్తామని ఇప్పుడు చాలా సాధనాలు చెబుతున్నాయి. చిత్తుప్రతికి అవి పనికొస్తాయి. అయితే ‘అడ్మిట్ డేట్’ అనే కాలమ్‌ను చూసి ‘రోగి అడ్మిట్ అయిన తేదీ’ అని రాయడం దాదాపు ఏమీ రాయకపోవడమే. ఖాళీ గడి చూస్తే అడగాలనిపిస్తుంది, ఇలాంటి వాక్యం చూస్తే పని అయిపోయిందనిపిస్తుంది. యంత్రం రాసిన వివరణకు ‘మనిషి చూడలేదు’ అన్న గుర్తు ఉండే వీలు లేకపోతే ఆ సదుపాయాన్ని ఆపేయడమే మంచిది.

వివరణలో ఏముండాలి

ఎక్కడ రాసినా రూపం ఒకటే కాకపోతే నిలకడ రాదు. పైన చెప్పిన కాలమ్‌నే తీసుకుని, ఒక ఆసుపత్రిలో దాని వివరణ ఎలా ఉండవచ్చో చూపుతాను: “వార్డులో రోగికి పడక కేటాయించిన తేదీ, సమయం. క్యాజువాలిటీకి వచ్చిన సమయం కాదు. అది రిజిస్ట్రేషన్ టేబుల్‌లో ఉంటుంది. వేరే వార్డుకు మారినా ఇది మారదు. డేకేర్ రోగులకు ఖాళీగా ఉంటుంది. యూటీసీలో నిల్వ ఉంటుంది. పాత సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చిన వరుసల్లో సమయం లేదు, తేదీ మాత్రమే ఉంది.” ఇందులో ఒక్కో వాక్యం ఒక్కో తప్పుడు రిపోర్టును ఆపుతుంది. యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం, అన్న మాటనే చూడండి. మన కాలమానం దానికంటే ఐదున్నర గంటలు ముందు కాబట్టి, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున ఐదున్నర లోపు అడ్మిట్ అయినవారంతా సవరించని లెక్కలో ముందు రోజు ఖాతాలో పడతారు. నెల మొదటి తేదీ తెల్లవారుజామున అయితే ముందు నెల ఖాతాలో, ఏప్రిల్ 1 తెల్లవారుజామున అయితే ముందు ఆర్థిక సంవత్సరం ఖాతాలో చేరతారు.

కాబట్టి ప్రతి కాలమ్‌కూ తప్పనిసరి గడులు తక్కువగా, పదునుగా ఉండాలి: అర్థం, ఏది కాదు, కొలమానం లేదా కాలమానం, ఖాళీ అంటే ఏమిటి, ఎప్పటినుంచి ఈ అర్థం, అడగవలసింది ఎవరిని. ఇరవై గడులు పెట్టిన మూసలు నింపినవారు నాకు కనిపించలేదు. ‘ఏది కాదు’ అన్న గడిని చాలా మూసలు వదిలేస్తాయి, నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ పని చేసేది అదే. ‘2023-24’ అన్న విలువనే చూస్తే, పద్దుల విభాగంలో అది ఏప్రిల్ నుంచి మార్చి, వ్యవసాయ గణాంకాల్లో జులై నుంచి జూన్, ఖరీఫ్ ధాన్యం సేకరణలో అక్టోబరు నుంచి సెప్టెంబరు. ధాన్యం బస్తా అన్నది ఒకచోట 75 కిలోలు, మరోచోట 40 కిలోలు. ‘ఆర్థిక సంవత్సరం కాదు’ అన్న రెండు మాటలు ఎంత పని తప్పిస్తాయో ఈ లెక్కలు కలిపే ప్రయత్నం చేసినవారికి తెలుస్తుంది.

సొంత మూస తయారుచేసుకోవాలా, ఉన్న ప్రమాణాన్ని అనుసరించాలా అన్న ప్రశ్నకు నా సమాధానం విషయాన్ని బట్టి మారుతుంది. విలువలకు, అంటే జిల్లా, మండలం, గ్రామం, వ్యక్తి పేరు, చిరునామా వంటివాటికి, సొంతంగా కోడ్‌లు సృష్టించుకోవడం దాదాపు ఎప్పుడూ తప్పే. కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ప్రతి జిల్లాకూ, మండలానికీ, గ్రామానికీ కోడ్ ఇస్తుంది. పేర్ల స్పెల్లింగ్ గొడవ దీంతో తీరుతుంది. వ్యక్తి గుర్తింపు, భూభాగాల కోడ్‌లకు సంబంధించి 2011లో వెలువడిన మెటాడేటా, డేటా ప్రమాణాలు కూడా ఉన్నాయి. డేటాసెట్‌ను బయటికి ప్రచురించేవారికి వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ వారి డీక్యాట్ అనుకూలం, 2014 నుంచి అమల్లో ఉన్న ఈ ప్రమాణం ఓపెన్ డేటా పోర్టళ్ల మధ్య మార్పిడికి ఉపయోగపడుతుంది. డబ్లిన్ కోర్ ప్రమాణంలోని పదిహేను అంశాలు గ్రంథాలయ తరహా వివరాలకు సరిపోతాయి, కాలమ్ స్థాయికి చాలవు. ఐఎస్ఓ 11179 అన్న అంతర్జాతీయ ప్రమాణం నిర్వచనాలు ఎలా రాయాలో, పేర్లు ఎలా పెట్టాలో చక్కగా చెబుతుంది. దాని రిజిస్ట్రీ నమూనాను మొత్తంగా అమలు చేయడం మాత్రం జాతీయ గణాంక సంస్థల స్థాయి పని. నిర్వచనాల నియమాలు దాన్నుంచి తీసుకుని, మూస మీ సొంతానికి చిన్నగా రాసుకోండి.

కాలమ్‌లో వ్యక్తిగత డేటా ఉందా అన్న మరో గడిని ఇప్పుడు ఐచ్ఛికంగా వదిలే వీలు లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, తన డేటా సారాంశం చూపమని, సరిదిద్దమని, తొలగించమని అడిగే హక్కును వ్యక్తికి కల్పించింది. ఏ కాలమ్‌లో వ్యక్తిగత డేటా ఉందో రాసిపెట్టుకోని సంస్థ ఆ విన్నపం వచ్చిన రోజున డేటాబేస్‌లన్నీ వెతుక్కోవలసి ఉంటుంది.

రాసేది ఎవరు

కేంద్ర బృందమే అన్నీ రాయడం, ప్రతి విభాగమూ తనవి తాను రాసుకోవడం అన్న రెండు పద్ధతులూ విడివిడిగా విఫలమవుతాయి. మొదటిదానిలో రూపం చక్కగా ఉంటుంది, అర్థం పైపైన ఉంటుంది. రెండోదానిలో అర్థం సరిగ్గా ఉంటుంది, ‘కొత్త రోగి’ అంటే ఒకరికి ఆసుపత్రికి మొదటిసారి వచ్చినవారు, మరొకరికి ఆ ఏడాది మొదటిసారి వచ్చినవారు అవుతారు. అర్థం విభాగం చెప్పాలి, రూపం కేంద్ర బృందం చూడాలి, రెండు విభాగాల నిర్వచనాలు ఢీకొన్నప్పుడు తీర్పు చెప్పే అధికారం ఒక్కరికే పేరుతో సహా ఉండాలి. ఆ తీర్పు ఒక్కోసారి ‘ఇవి రెండు వేర్వేరు విషయాలు, రెండు పేర్లు పెట్టండి’ అని కూడా కావచ్చు. బలవంతంగా ఒకే నిర్వచనం రుద్దితే రెండో విభాగం తన లెక్కను చాటుగా ఎక్సెల్‌లో కొనసాగిస్తుంది.

ఏ సంస్థకు ఏది

ఇంజనీర్లు లేని స్వచ్ఛంద సంస్థ, చిన్న ఆసుపత్రి, సహకార సంఘం అయితే ఒకే ఒక ఆన్‌లైన్ షీట్, పైన చెప్పిన గడులు, ఒక బాధ్యుడు. నెలకోసారి ఎక్కువగా వాడే పది కాలమ్‌లను మాత్రం అసలు డేటాతో సరిచూడండి. అన్నిటినీ సరిచూడాలని పెట్టుకుంటే ఏదీ జరగదు.

ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లతో పోస్ట్‌గ్రెస్ లేదా మైఎస్‌క్యూఎల్ నడిపే సంస్థ అయితే డేటాబేస్ కామెంట్లతో మొదలుపెట్టి, ఆ ఆదేశాలనే స్కీమా (టేబుళ్ల నిర్మాణం) మార్పుల ఫైళ్లతో పాటు గిట్‌లో ఉంచండి. చరిత్ర లేదన్న లోటు దీంతో తీరుతుంది. రిపోర్టుల కోసం విడిగా డేటా వేర్‌హౌస్ ఏర్పడిన రోజున డీబీటీకి మారడం సహజంగా జరుగుతుంది. విభాగాల వారి నుంచి అర్థం రాబట్టడానికి షీట్‌ను కొనసాగించవచ్చు, కానీ అది రాబట్టే కాగితంగానే ఉండాలి, అధికారిక ప్రతి గిట్‌లోదే అని అందరికీ చెప్పాలి. రెండు చోట్ల అధికారిక ప్రతులు ఉంటే అసలు లేనట్టే లెక్క.

విభాగాలు, డేటాబేస్‌లు అనేకం ఉన్న పెద్ద సంస్థకు కేటలాగ్ అవసరమే. అక్కడ కూడా ఇంజనీర్లు నడిపే టేబుళ్ల వివరణలు గిట్ నుంచే కేటలాగ్‌లోకి ప్రవహించేలా, కేటలాగ్ తెరపై వాటిని మార్చే వీలు లేకుండా పెట్టండి. తెరపై రాసే అనుమతిని గిట్‌కు రాలేని విభాగాలకు, వ్యాపార పదాల నిఘంటువుకు పరిమితం చేయండి.

కొనుగోలు చేసేటప్పుడు ఒప్పందంపై సంతకానికి ముందే ఒక పరీక్ష చేయించండి. ప్రదర్శన చూపడానికి వచ్చిన అమ్మకందారును, వారి నమూనా డేటా పక్కన పెట్టి, మీ టేబుళ్లలో ఇరవైకి వివరణలు తెలుగులో, ఇంగ్లిషులో రాసి, వాటన్నిటినీ మార్పుల చరిత్రతో సహా సాధారణ టెక్స్ట్ ఫైలుగా బయటికి తీసి చూపమనండి. తెలుగు అక్షరాలు చెదరకుండా, తేదీలు, రాసినవారి పేర్లు పోకుండా ఆ ఫైలు వస్తే ధర గురించి మాట్లాడవచ్చు. వివరణలు మాత్రం వచ్చి చరిత్ర రాకపోతే, మూడేళ్ల తర్వాత ఆ సాధనం వదిలి వెళ్లేటప్పుడు ఏ నిర్వచనం ఎప్పుడు మారిందన్న సమాచారం అంతా అక్కడే వదిలేయవలసి వస్తుంది, కాబట్టి ఆ షరతును ఒప్పందంలో రాతపూర్వకంగా పెట్టించండి, లేదా మరో సాధనం చూసుకోండి.